నడుము నొప్పీ, నష్టపరిహార చట్టమూ

కార్మిక నష్టపరిహార చట్టం మన దేశంలో 1923లో పుట్టి, 1924 జూలై 1న అమలులోకి వచ్చింది. ఆ చట్టానికి వెనక ఒక పట్టిక ఉండేది. మనిషి శరీరాన్ని ముక్కలుగా విడదీసి, ఏ ముక్క పోతే వాడి సంపాదన శక్తిలో నూటికి ఎంత పోయినట్లో చెప్పే పట్టిక అది. అంకెలు మధ్యలో మారాయి గాని, ఇటీవలి రూపంలో బొటనవేలు పోతే 30, చూపుడువేలు మొత్తం పోతే 14, రెండో కన్ను బాగుండి ఒక కన్ను పోతే 40. వేలి కొస ఎముక దాకా తెగకుండా పోతే దానికీ ఒక అంకె ఉంది. వెన్నెముక మాట ఆ పట్టికలో ఒక్కచోటే వస్తుంది: వెన్ను విరిగి కాళ్లు రెండూ చచ్చుబడితే 50. కాళ్లు చచ్చుబడకుండా, వెన్ను విరగకుండా, నడుము వంగక, వంగితే లేవక, బరువు ఎత్తలేక ఇంట్లో పడివున్న మనిషికి ఆ పట్టికలో చోటు లేదు.

ఇది పొరపాటున జరిగిన లోపం కాదు. దీని వెనక దాదాపు నూట అరవై ఏళ్ల చరిత్ర ఉంది. ఆ చరిత్రలో వైద్యులున్నారు, రైలు కంపెనీలున్నాయి, న్యాయమూర్తులున్నారు. దాన్ని శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, పలాస, టెక్కలి, ఉద్దానం నేల మీద నిలబడి చూడటం ఎందుకంటే, ఆ నేల మీద జరిగే పనుల్లో నడుముతో పనిలేనిది దాదాపు లేదు.

పలాస కాశీబుగ్గలో జీడి పరిశ్రమ ఉంది. చిన్నా పెద్దా బట్టీలు వందల లెక్కలో ఉన్నాయి. పచ్చి పిక్కల బస్తా వ్యాపారంలో సాధారణంగా 80 కిలోలు. దాన్ని లారీ మీద నుంచి వీపు మీదికి దించుకుని గోదాములోకి మోసేవాడు కలాసీ. లోపల పిక్క పగలగొట్టే వాళ్లూ, పొట్టు తీసే వాళ్లూ, ఏరే వాళ్లూ ఎక్కువమంది స్త్రీలు. చేతికి జీడి నూనె అంటకుండా బూడిదో మరేదో పూసుకుని, ముందుకు వంగి గంటల తరబడి అదే కదలిక. కూలి చాలాచోట్ల కిలోల లెక్క. టెక్కలి చుట్టుపట్ల నీలిరంగు గ్రానైటు క్వారీలు ఉన్నాయి. సోంపేట, కవిటి, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కొబ్బరి తోటలు, జీడి తోటలు. చెట్టెక్కడం, కాయ దింపడం, డొక్క ఒలవడం, కావడి మోయడం. వీటిలో చేతివేలు తెగే పనికన్నా నడుము అరిగే పనే ఎక్కువ. పట్టిక మాత్రం వేళ్లను లెక్కపెట్టింది.

తెలుగువాడు పనికి పూనుకుంటే నడుం కట్టాడంటాం. అలసి పడుకుంటే నడుం వాల్చాడంటాం. ధైర్యం చెడితే నడుం విరిగిందంటాం. భాషకు తెలిసిన ఈ సంగతి చట్టానికి తెలియకపోవడం వింతే.

నడుము నొప్పి మీద కోర్టుల్లో తగువు మొదట పడింది కార్మికుల విషయంలో కాదు; టికెట్టు కొన్న ప్రయాణీకుల విషయంలో. ఇంగ్లండులో రైళ్లు గుద్దుకున్నప్పుడు పైకి గాయమేమీ లేకుండా బయటపడినవాళ్లు కొన్నాళ్లకు వెన్నునొప్పితో, కాళ్ల తిమ్మిరితో, నిద్రలేమితో కంపెనీల మీద దావాలు వేశారు. 1866లో లండను శస్త్రవైద్యుడు జాన్ ఎరిక్ ఎరిక్సెన్ దీని మీద ఉపన్యాసాలు అచ్చువేశాడు. కుదుపు వల్ల వెన్నుపాముకు కంటికి కనబడని దెబ్బ తగులుతుందని అతని వాదం. ఈ జబ్బుకు ‘రైలు వెన్ను’ అనే పేరు స్థిరపడింది. 1883లో హెర్బర్ట్ పేజ్ అనే మరో శస్త్రవైద్యుడు దీన్ని ఖండిస్తూ పెద్ద పుస్తకం రాశాడు. వెన్నుపాముకు ఏమీ కాలేదు, భయం వల్ల నరాలు చెదిరాయి అని అతని వాదం. ఈ పేజ్ లండన్ అండ్ నార్త్ వెస్టర్న్ రైల్వే కంపెనీకి వైద్యుడు. అంతమాత్రాన అతను చెప్పింది అబద్ధమని కాదు. ఎరిక్సెన్ చెప్పిన శరీరశాస్త్రం తర్వాత నిలబడలేదు. పేజ్ చెప్పినదాంట్లో కొంత నిలబడింది. కాని ఒక సంగతి గమనించాలి. వైద్యశాస్త్రంలో నడుము నొప్పి గురించిన మొదటి పెద్ద చర్చ రోగి మంచం పక్కన జరగలేదు, డబ్బు చెల్లించవలసినవాడికీ పుచ్చుకోవలసినవాడికీ మధ్య జరిగింది. ఆ ముద్ర నేటికీ చెరగలేదు.

రైలు నడిపే కార్మికుడికి, పట్టాలు మోసే కూలీకి ఈ చర్చలో ప్రవేశమే లేదు. 1837 నాటి ఒక తీర్పు ఆధారంగా, తోటి పనివాడి అజాగ్రత్త వల్ల దెబ్బతిన్న పనివాడు యజమానిని అడగడానికి వీల్లేదని ఆంగ్ల న్యాయస్థానాలు పట్టుబట్టాయి. పనిలో చేరినవాడు ప్రమాదానికి ఒప్పుకునే చేరాడని వాళ్ల తర్కం. బిస్మార్కు ప్రభుత్వం 1884లో జర్మనీలో ప్రమాద బీమా చట్టం తెచ్చింది. బ్రిటన్ 1897లో నష్టపరిహార చట్టం చేసింది. అప్పటికి గాని కార్మికుడి నడుము కోర్టు గుమ్మం తొక్కలేదు.

తొక్కిన వెంటనే ఒక ప్రశ్న ఎదురైంది. చట్టం పరిహారమిచ్చేది ‘ప్రమాదం వల్ల కలిగిన గాయానికి’. ఏదీ మీద పడలేదు, ఎవడూ జారిపడలేదు. మనిషి మామూలుగా చేసే పనే చేస్తుంటే ఒంట్లో ఏదో పట్టు తప్పింది. ఇది ప్రమాదమా? 1903లో ఇంగ్లండు ప్రభువుల సభ ముందుకు వచ్చిన కేసులో ఒక కార్మికుడు యంత్రం చక్రాన్ని బలంగా తిప్పబోయి వరిబీజం తెచ్చుకున్నాడు. బయటనుంచి ఏ దెబ్బా తగలకపోయినా, అనుకోకుండా జరిగిన చెడు గనుక అది ప్రమాదమేనని తీర్పు వచ్చింది. బస్తా ఎత్తుతుండగా నడుం కలుక్కుమన్న కలాసీకి ఈనాటికీ ఉన్న ఆధారం ఆ తీర్పులోని తర్కమే. రెండేళ్లుగా మెల్లమెల్లగా నడుము పట్టేసిన జీడి కార్మికురాలికి మాత్రం అది చాలదు. ఆమె నడుము ఏ ఒక్క రోజూ కలుక్కుమనలేదు.

ఇక వైద్యులు. 1895లో ఎక్స్‌రే వచ్చింది. ఎముకను చూడవచ్చు గనుక నొప్పినీ చూడవచ్చునని చాలామంది భ్రమపడ్డారు. కనబడకపోతే నొప్పి లేదని తేల్చడానికి అది ఇంకా బాగా పనికి వచ్చింది. 1913లో సర్ జాన్ కోలీ అనే లండను వైద్యుడు, నటించే రోగుల గురించి ఒక గ్రంథమే రాశాడు. పరిహార చట్టం వచ్చాక కార్మికులు జబ్బును సాగదీస్తున్నారనే అనుమానం ఆ కాలపు వైద్యంలో ఎంతగా వేళ్లు తన్నిందో ఆ గ్రంథమే సాక్ష్యం. నటించేవాడు ఉండడా? ఉంటాడు. కాని రోగిని దొంగను పట్టుకున్నట్లు పట్టుకోవడమే పరీక్ష అనుకున్నప్పుడు, పరీక్షించేవాడికి తెలిసేది రోగం కాదు.

సరిగ్గా ఇటువంటి వాతావరణంలో మన చట్టం తయారైంది. మొదటి ప్రపంచయుద్ధం ముగిశాక సమ్మెలు వెల్లువెత్తాయి. 1919లో అంతర్జాతీయ కార్మిక సంస్థ, 1920లో ఏఐటీయూసీ ఏర్పడ్డాయి. సర్కారు కదలక తప్పలేదు. 1923 నాటి చట్టంలో పని ఆగిన మొదటి 10 రోజులకు పరిహారం లేదు; ఆ గడువు తర్వాతి సవరణల్లో తగ్గుతూ 3 రోజులకు వచ్చింది. ప్రమాదం జరిగిందని తెలిపిన 3 రోజుల్లోగా యజమాని ఉచితంగా వైద్యపరీక్ష చేయిస్తానంటే కార్మికుడు వెళ్లి తీరాలి, వెళ్లకపోతే హక్కు ఆగిపోతుంది అన్న నియమం కూడా అందులో ఉంది. అంటే కార్మికుడి నడుమును మొదట చూసే హక్కు యజమాని పంపిన వైద్యుడికి దక్కింది. యాదృచ్ఛికమే గాని, విశాఖపట్నంలో కింగ్ జార్జి ఆసుపత్రీ, వైద్య కళాశాలా ప్రారంభమైంది కూడా 1923లోనే. పలాస నుంచి పెద్ద ఆసుపత్రి అంటే చాలాకాలం అదే.

ఆ రోజుల్లో ఈ ప్రాంతం గంజాం జిల్లాలో ఉండేది. 1936లో ఒరిస్సా ఏర్పడినప్పుడు విశాఖపట్నం జిల్లాలో కలిసి, 1950లో శ్రీకాకుళం జిల్లాలోకి వచ్చింది. ఇక్కడి కష్టజీవులు బరువులు మోయడానికి ఉన్న ఊరే కాదు, సముద్రం దాటి రంగూన్ దాకా వెళ్లారు. రంగూన్ రేవులో ఓడల మోతపని ఎక్కువగా తెలుగువాళ్ల చేతుల్లో ఉండేది; 1930 మే నెలలో ఆ పని గురించే బర్మా కూలీలకూ తెలుగు కూలీలకూ మధ్య ఘోరమైన అల్లర్లు చెలరేగాయి. బర్మా అప్పుడు బ్రిటిషిండియాలో భాగం గనుక 1923 చట్టం అక్కడా వర్తించింది. మేస్త్రీ కింద పనిచేసే కూలీకి అసలు యజమానే పరిహారం ఇవ్వాలని చట్టంలో 12వ సెక్షను చెప్పింది. చెప్పడం వరకు బాగుంది. మేస్త్రీ దగ్గర బాకీపడి ఓడెక్కిన మనిషి, నడుము పడిపోయిందని కంపెనీ మీద దావా వేసి రేవులో నిలవగలడా అన్నది చట్టం రాసినవాళ్లు వేసుకోని ప్రశ్న.

1940 మార్చిలో అఖిల భారత కిసాన్ సభ మహాసభ పలాసలోనే జరిగింది. తర్వాత కొద్దిరోజులకే, ఏప్రిల్ 1న, మందస జమీందారీలోని గుడారి రాజమణిపురంలో పోలీసు కాల్పులకు వీర గున్నమ్మ బలైంది. భూమి, అడవి, వెట్టి నాటి పోరాటపు విషయాలు. ఆ నేలకు పోరాట చరిత్ర తక్కువ లేదు. కాని మన ఉద్యమాలు కూలిరేటు అడిగినంత గట్టిగా వైద్య ధ్రువపత్రంలో ఏం రాయాలో అడగలేదు. ధ్రువపత్రం సాంకేతిక విషయమనీ, డాక్టరు చూసుకుంటాడనీ వదిలేశాం. ఎన్ని లక్షలు చేతికి వస్తాయో తేలేది అక్కడే.

ఎట్లాగో చూద్దాం. పట్టికలో లేని గాయమైతే, సంపాదన శక్తి ఎంత శాతం శాశ్వతంగా పోయిందో అర్హత గల వైద్యుడు అంచనా కట్టాలని 1984 సవరణ చెప్పింది. కట్టేటప్పుడు పట్టికలోని శాతాలను దృష్టిలో పెట్టుకోవాలని కూడా చెప్పింది. నెలకు 10,000 రూపాయల సంపాదన ఉన్న 40 ఏళ్ల మనిషిని తీసుకోండి. జీతంలో 60 శాతం, అంటే 6,000. దాన్ని ఆ వయసుకు నిర్ణయించిన 184.17తో హెచ్చిస్తే 11,05,020 రూపాయలు. ఇది సంపాదన శక్తి పూర్తిగా పోతే ఇచ్చేది. వైద్యుడు 10 శాతం అని రాస్తే చేతికి వచ్చేది 1,10,502. 40 శాతం అని రాస్తే 4,42,008. ఈ రెంటికీ మధ్య తేడా 3,31,506 రూపాయలు. అదే మనిషి, అదే నడుము, అదే నొప్పి. 10 అన్న వైద్యుడినీ 40 అన్న వైద్యుడినీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అడిగితే, తన అంకె ఏ కొలబద్ద మీద వచ్చిందో ఇద్దరూ తడుముకోవలసిందే.

ఎందుకంటే నడుము నొప్పి విషయంలో శరీరం లోపల కనబడేదానికీ మనిషి అనుభవించేదానికీ మధ్య లెక్క కుదరదు. 1934లో బోస్టన్ వైద్యులు మిక్స్‌టర్, బార్ అనేవారు వెన్నుపూసల మధ్య మెత్త జారి నరాన్ని నొక్కడం వల్ల కాలిలోకి నొప్పి పాకుతుందని శస్త్రచికిత్సలతో నిరూపించారు. గొప్ప సంగతే. దానితో నడుము నొప్పి అంతా మెత్త జారడమే అనే ప్రచారం బయల్దేరింది. 1994లో అమెరికాలో నడుము నొప్పి లేని 98 మందికి ఎమ్మారై తీసి చూశారు. అన్ని మెత్తలూ మామూలుగా ఉన్నవాళ్లు నూటికి 36 మంది మాత్రమే. నూటికి 52 మందిలో కనీసం ఒక మెత్త ఉబ్బి ఉంది. నొప్పి లేనివాళ్ల ఫోటోలివి! మరోపక్క, నొప్పితో లేవలేనివాళ్లలో చాలా ఎక్కువమందికి ఫోటోలో దొరికే నిర్దిష్ట కారణం ఉండదని వైద్యులే ఒప్పుకుంటారు.

ఇది రెండువైపులా పదును ఉన్న సంగతి. ‘ఎమ్మారైలో ఏమీ లేదు, కనుక నొప్పి లేదు’ అనే బీమా కంపెనీ వాదం ఎంత తప్పో, ‘ఎమ్మారైలో మెత్త ఉబ్బింది, కనుక పని వల్లే నొప్పి వచ్చింది’ అనే మనవాళ్ల వాదం అంతే తప్పు. కార్మికుల తరఫున మాట్లాడేవాళ్లు ఈ రెండోదాన్ని పట్టుకు వేలాడటం మానాలి. అప్పుసప్పు చేసి ఎమ్మారై తీయించిన మనిషికి, ఎదుటి వకీలు ఆ 98 మంది లెక్క చదివి వినిపిస్తే జవాబుండదు.

గ్లాస్గోలో పనిచేసిన గార్డన్ వాడెల్ అనే వైద్యుడు 1980లో కొన్ని గుర్తులు వివరించాడు. తల మీద మెల్లగా నొక్కితే నడుము నొప్పి అనడం, చర్మం తాకితేనే నొప్పి అనడం వంటివి. రోగి బాధలో శరీరానికి మించి మనసు పాలు కూడా ఉందని, శస్త్రచికిత్సకు తొందరపడవద్దని వైద్యుణ్ణి హెచ్చరించడం వాటి ఉద్దేశం. బీమా వైద్యులు వాటిని దొంగను పట్టే వలగా వాడారు. అట్లా వాడరాదని వాడెల్ తానే తర్వాత చెప్పవలసి వచ్చింది. కోలీ గ్రంథం వచ్చి డెబ్బై ఏళ్లు గడిచినా ఆ చూపు పోలేదన్నమాట.

మరి వైద్యుడు చూడవలసింది ఏమిటి? ముందు ప్రమాదకరమైనవి లేవని తేల్చాలి. జ్వరం, బరువు తగ్గడం ఉంటే వెన్నెముక క్షయ కావచ్చు. మన ప్రాంతంలో ఇది మరచిపోదగ్గ జబ్బు కాదు. మూత్రం మీద అదుపు తప్పినా, కాలు బలహీనపడినా ఆలస్యం చేయరాదు. తర్వాత కాలు నిటారుగా ఎత్తి నరం లాగుతోందేమో చూడాలి, కండ బలం చూడాలి, నడుము ఎంత వంగుతోందో కొలవాలి. ఇంతవరకు ఏ వైద్యుడైనా చేస్తాడు. ఇక్కడితో ఆగిపోవడమే చిక్కు. వెన్నును చూసిన వైద్యుడు పనిని చూడడు. 80 కిలోల బస్తా ఎంత ఎత్తు నుంచి దించుతాడు, రోజుకు ఎన్ని, ఎంత దూరం? పిక్క కొట్టే మనిషి ఎన్ని గంటలు ముందుకు వంగి ఉంటుంది, వీపుకు ఆనుకునే చోటుందా? ధ్రువపత్రంలో ఈ ప్రశ్నలకు గళ్లు లేవు. స్వీడన్‌లో నాచెమ్సన్ 1960ల నుంచి వెన్ను మెత్తల్లో సూది గుచ్చి ఒత్తిడి కొలిచాడు. నిలుచున్నప్పుడు 100 అనుకుంటే, ముందుకు వంగి కూర్చున్నప్పుడు 185 దాకా పోతుందని అతని లెక్క. మామూలుగా కూర్చోవడం గురించి అతనిచ్చిన అంకెను 1999 నాటి జర్మనీ కొలతలు తగ్గించాయి గాని, వంగి కూర్చోవడం గురించి ఇచ్చినదాన్ని కొట్టివేయలేదు. కూర్చుని చేసే పని గనుక తేలిక పని అని జీడి బట్టీ గురించి అనుకునేవాళ్లు ఈ అంకెలు గుర్తుంచుకోవాలి.

పనిని చూడమని చెప్పిన తీర్పు మనకు ఎక్కడో దూరాన లేదు, పక్కనే ఉంది. ఒకప్పుడు మన విశాఖపట్నం జిల్లాలోనే ఉండిన జయపురంలో, 1968లో ఒక సినిమా హాలుకు నగిషీ పనిచేస్తున్న వడ్రంగి కిందపడి ఎడమ చేయి పోగొట్టుకున్నాడు. ఇది పాక్షిక వైకల్యమేనని యజమాని సుప్రీంకోర్టు దాకా వెళ్లి వాదించాడు. 1975 డిసెంబరులో కోర్టు దాన్ని తోసిపుచ్చింది. వడ్రంగి పని ఒంటిచేత్తో సాగదు గనుక, ఈ మనిషి విషయంలో సంపాదన శక్తి నూటికి నూరూ పోయినట్లేనని చెప్పింది. చేతిని చూసి ఆగలేదు, ఆ చేయి చేసే పనిని చూసింది. వెన్నుకూ ఇదే వర్తించాలి కదా? ఎత్తే బరువు సగానికి తగ్గిన గుమాస్తాకు పోయేదేమీ లేదు. అదే తగ్గితే కలాసీని జట్టులో నిలవనివ్వరు.

తమాషా ఏమంటే, 2010లో ఒక మోటారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇంకా స్పష్టంగా విడదీసింది. శరీరంలో ఏమి శాశ్వతంగా చెడిందో చెప్పడం వైద్యుడి పని, దానివల్ల సంపాదన ఎంత పోయిందో తేల్చడం న్యాయాధికరణం పని అంది. అడిగినవారికల్లా ధారాళంగా రాసిచ్చే ధ్రువపత్రాల విషయంలో జాగ్రత్తపడమని కూడా చెప్పింది. బస్సు గుద్దినవాడి విషయంలో వైద్యుడు తేల్చలేడన్న సంగతిని, బస్తా మోసినవాడి విషయంలో వైద్యుడే తేల్చాలని 1984 సవరణ అతని నెత్తిన పెట్టింది. మంచి వైద్యుడు సైతం ఇందులో ఇరుకునపడతాడు. బట్టీ లోపలికి ఏనాడూ అడుగుపెట్టని మనిషి, ఆసుపత్రి బల్ల దగ్గర పది నిమిషాలు చూసి ఆ పని తాలూకు శాతం రాయాలి.

ఈ పరీక్ష సరిగా జరగకపోతే పోయేది డబ్బే అయితే ఇంత బాధ లేదు. ఉద్దానంలో దీనికి ఇంకో ముఖం ఉంది. ఇక్కడ పాతికేళ్లుగా మూత్రపిండాల జబ్బు ఊళ్లను తినేస్తోంది. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధనా కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి. జబ్బుకు మూలకారణం ఇదీ అని వైద్యశాస్త్రం ఇంకా తేల్చలేదు. కాని తేలిన సంగతి ఒకటుంది. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మాత్రలు మూత్రపిండానికి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. ఎండలో చెమటోడ్చి ఒంట్లో నీళ్లు తగ్గిన మనిషిలో ఆ హాని మరీ ఎక్కువ. ఉద్దానం జబ్బుకు ఈ మాత్రలే కారణమని నేను అనడం లేదు. దెబ్బతిన్న మూత్రపిండానికి ఇవి మరో దెబ్బ అని ఏ వైద్యుడైనా చెబుతాడు. నడుము నొప్పికి సెలవు లేని కూలీ చేసేదేమిటి? మందుల కొట్టులో మాత్ర కొని మింగి మర్నాడు పనికి పోతాడు. కిలోల లెక్కన కూలి తీసుకునే మనిషికి మూడు రోజులు పడుకుంటే మూడు రోజుల అన్నం పోతుంది. తాత్కాలిక వైకల్యానికి చట్టం చూపిన లెక్క నెల జీతంలో 25 శాతం చొప్పున పక్షానికోసారి చెల్లింపు. అది అందాలంటే ముందు తగువు గెలవాలి. మాత్ర అంతకన్నా చౌక, అంతకన్నా త్వరగా దొరుకుతుంది. నడుము నొప్పి రాగానే కిడ్నీ పోయిందేమోనని హడలిపోయే మనిషి కూడా ఇక్కడ అరుదు కాడు. నిజానికి ఈ జబ్బు మొదటి దశల్లో సాధారణంగా నొప్పే ఉండదు. రక్తపరీక్ష చేస్తేగాని బయటపడదు. కనుక ఇక్కడ నడుమును పరీక్షించే వైద్యుడు రక్తంలో క్రియాటినిన్ చూడకుండా నొప్పి మాత్ర రాయకూడదు. వేరే జిల్లాలో ఇది అదనపు జాగ్రత్త కావచ్చు, ఇక్కడ కనీస ధర్మం.

నడుము మెల్లగా అరగడాన్ని గుర్తించడం అసాధ్యమనే వాదం చెల్లదు. జర్మనీ 1992 చివరి ఉత్తర్వుతో నడుము మెత్తల జబ్బును వృత్తి రోగాల పట్టికలో చేర్చింది. ఏళ్ల తరబడి బరువులు ఎత్తడం, మోయడం, లేదా బాగా వంగి పనిచేయడం వల్ల వచ్చినదై ఉండాలి. షరతులు కఠినమే; ఆ పని పూర్తిగా మానుకుంటే గాని గుర్తించమనే షరతును 2021 దాకా తీసివేయలేదు. అయినా అక్కడ అధికారి అడిగే మొదటి ప్రశ్న ‘ఏ రోజు దెబ్బ తగిలింది’ అని కాదు. ‘ఎన్నేళ్లు, ఎంత బరువు’ అని. మన చట్టానికి కూడా ఈ ఉపాయం తెలియనిది కాదు. రాతిధూళి ఊపిరితిత్తుల జబ్బు ఒక్కరోజులో రాదు గనుక, అటువంటి వృత్తి రోగాల విషయంలో, జబ్బువల్ల మనిషి ఎడతెగకుండా పని మానిన మొదటి రోజునే ప్రమాదం జరిగిన రోజుగా భావించాలని 1923 చట్టంలోని 10వ సెక్షను రాసుకుంది. తారీఖు లేని జబ్బుకు చట్టమే తారీఖు పెట్టిందన్నమాట. టెక్కలి క్వారీ కార్మికుడి ఊపిరితిత్తికి ఈ వెసులుబాటు దొరికింది. అదే మనిషి నడుముకు దొరకలేదు.

1923 చట్టం ఇప్పుడు లేదు. 2025 నవంబరు 21న సామాజిక భద్రతా స్మృతి అమలులోకి వచ్చి దాని స్థానం తీసుకుంది. ఇంటికీ పనిచోటుకూ మధ్య దారిలో జరిగే ప్రమాదాలను కూడా షరతులతో గుర్తించింది, అంతవరకు మెచ్చదగ్గదే. గాయాల పట్టికను, వృత్తి రోగాల పట్టికను చాలావరకు ఉన్నవి ఉన్నట్లే దింపుకుంది. పనికి వచ్చే దారి చట్టంలోకి ఎక్కింది, పనిలో అరిగిన నడుము ఎక్కలేదు.

పట్టిక మారేదాకా చేయదగింది ఏమీ లేదా? ఒకటి ఉంది. సంపాదన శక్తి ఎంత పోయిందో ఎక్స్‌రేలో వెతుకుతున్నారు గాని, కిలోల లెక్కన కూలిచ్చే చోట అది కాగితం మీదే ఉంటుంది. ఎవరు ఏ రోజు ఎన్ని కిలోలు కొట్టారో, ఎన్ని కిలోల పొట్టు తీశారో తూకం వేసి రాసుకోకుండా ఏ యజమానీ డబ్బు చెల్లించడు. రోజూ ఒకే మోతాదులో పనిచేసే మనిషి తూకం ఏ వారం నుంచి తగ్గుతూ వచ్చిందో, ఎంత తగ్గిందో, ఏ రోజు నుంచి ఆ పేరు ఎదుట గడి ఖాళీగా ఉందో ఆ పుస్తకంలో ఉంటుంది. కలాసీ జట్టు పంపకాల లెక్కా అటువంటిదే. అది నటించడానికి వీల్లేని సాక్ష్యం, ఎందుకంటే దావా మాట తలపెట్టకముందే, యజమాని మనిషి చేతిరాతతో పడిన అంకెలవి. దస్తావేజులు తెప్పించడానికి సివిల్ కోర్టుకున్న అధికారాలను 1923 చట్టం తన 23వ సెక్షనులో కమిషనరుకు ఇచ్చింది. తూకం పుస్తకం తెప్పించి వైద్యుడి ముందు పెట్టమని ఆ చట్టంలో ఎక్కడా రాయలేదు. తెప్పించవద్దని కూడా రాయలేదు.